ధర్మవరంలో భుజం, పెనుకొండలో చెవి

షట్టర్ రిపేరంటే నూనె పోసే పని అనుకుంటారు చాలామంది. మా పక్క నూనె పోస్తే షట్టర్ చస్తుంది. ఈ పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే.

నా ఉద్యోగమంతా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ల మధ్యనే గడిచింది. ఉద్యోగమంటే నవ్వుతారేమో. ఆఫీసు లేదు, పింఛను లేదు. కానీ పొద్దున్నే క్యారియర్ చేతపట్టుకోని పోయి, సందకాడ చేతుల మసి కడుక్కోని ఇంటికొచ్చే పని ఏదైనా ఉద్యోగమే అనేవాడు మా భాయ్. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ని కాబట్టి నాదీ అదే లెక్క.

ఇప్పుడు మీరు రిమోటు నొక్కితే షట్టర్ దానంతటదే లేస్తుంది. తొంభైల్లో అట్లా కాదు. మోకాళ్లు వంచి, రెండు చేతులతో పట్టుకోని, నడుముతో ఎత్తాల. అంగళ్లు, మిల్లులు, గోడౌన్లు, ఎవరో ఒకరిద్దరు కలిగినవాళ్ల కార్ల షెడ్లు, అన్నిటికీ అవే చుట్టుకునే ఇనుప షట్టర్లు. పైన ఒక లావు పైపు, దానిలోపల స్ప్రింగు, పైపుకు చుట్టుకునే రేకు పట్టీలు, రెండు పక్కలా అవి జారే గాడులు. అంతే సామాను. కానీ మా పక్క ఎండకు, గాలికి ఆ కొంచెం సామానే మూడు చెరువుల నీళ్లు తాగించేది.

ఎండాకాలం మధ్యాన్నం ధర్మవరంలో షట్టర్ ముట్టుకుంటే అరచెయ్యి కాలేది. వేడికి పట్టీలు ఉబ్బి గాడుల్లో బిగుసుకునేవి. ఆషాఢం వస్తే పెనుకొండలో గాలి. కొండ మీదినుంచి దిగేటప్పుడు చేన్లలో ఉండే సన్నదుమ్మంతా ఎత్తుకోని వచ్చి జల్లెడ పట్టినట్టు గాడుల్లో పోసేది. హిందూపురంలో రాయి కోసే ఫ్యాక్టరీల తెల్లపొడి వేరే. ఆ దుమ్ములో నూనె పోస్తే ఏమవుతుంది? ముద్దవుతుంది. ముద్ద ఎండకు ఎండి సిమెంటవుతుంది. అందుకే గాడులను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరినాక, నల్ల గ్రాఫైటు పొడి రుద్ది వదిలేసేవాళ్లం. చూసేవాళ్లకు అది పనిలాగా కనపడేది కాదు. "నూనె కూడా పోయకుండా పోతాండారే" అని గొణిగేవాళ్లు. మేము పోయినాక వాళ్లే పోసుకునేవాళ్లు. మళ్లా మమ్మల్నే పిలిచేవాళ్లు.

భాయ్ నాకంటే పదేళ్లకు పైనే పెద్ద. పొడుగు మనిషి. నిచ్చెన ఎక్కాల్సిన చోట నేను నిచ్చెన వెతుక్కునేలోపల ఆయన చెయ్యి చాచి బోల్టు విప్పేసేవాడు. మేమిద్దరం హిందూపురంలో ఒక సావుకారు షెడ్డులో పనిచేసేవాళ్లం. ఆయన మేస్త్రీ, నేను పక్కన చెయ్యి. మనిషిది ఒకటే గుణం. పని బాగా చేస్తే మాట్లాడడు. చెడిపితే మాత్రం తిట్లు. ఆ తిట్లలో పాఠం ఉండేది, అందుకని నేను పట్టించుకునేవాణ్ని కాదు. స్ప్రింగు ఎన్ని చుట్లు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో, పానా జారితే మొహం ఎటు తిప్పుకోవాలో అంతా తిట్లలోనే నేర్చుకున్నా. ఆయన నోరు తెరవని రోజు, పని బాగుందని తెలిసినా, నాకు లోపల భయంగా ఉండేది, తిట్లకు కూడా అందనంత పెద్ద తప్పు చేసినానేమో అని.

ధర్మవరం సంగతి చెప్తా.

అక్కడ ఒక పట్టుచీరల వ్యాపారి పక్కపక్కనుండే రెండు అంగళ్లు కొని, నడిమి గోడ పడగొట్టించినాడు. రెండిటికీ కలిపి ఒకటే షట్టర్ కావాలన్నాడు. కొలతలకు పోయినప్పుడు భాయ్ వద్దన్నాడు. అంత వెడల్పు రేకు మన గాలికి పొట్ట ఉబ్బి గాడిలోంచి బయటికొస్తుందని, నడిమధ్యలో తీసిపెట్టుకునే ఇనుప కంబం ఒకటి ఉండాలని చెప్పినాడు. వ్యాపారికి అది నచ్చలేదు. కంబం పెడితే అంగడి రెండు ముక్కలుగా కనపడుతుంది కదా అని ఆయన బాధ. మంచి మనిషే. ఎంతో ఆశపడి కట్టుకుంటున్న అంగడి.

"నాకు అంగడికి ఒకటే నోరు ఉండాలప్పా" అన్నాడు.

"నోరు పెద్దదైతే దవడలు కూడా గట్టిగుండాల. నీ గోడలు పాతవి" అన్నాడు భాయ్.

మా సావుకారు మధ్యలో దూరి, అన్నీ చేస్తాం, మీరు నిశ్చింతగా ఉండండి అని ఒప్పేసుకున్నాడు. తర్వాత ఆ షట్టర్ బిగించింది మాత్రం భాయే. తనకు ఇష్టంలేని పనిని ఇంకొకరి చేతికి వదిలిపెట్టే మనిషి కాదు. గోడలో ఎంత లోతుకు పోవచ్చో అంత లోతుకు బోల్టులు దించినాడు.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఎండాకాలం ముదిరినాక వ్యాపారి కబురు పంపినాడు, షట్టర్ లాగాలంటే బరువుగా ఉందని. మేమిద్దరం పోయినాం. భాయ్ నిచ్చెనెక్కి కుడిపక్క గోడ చూసినాడు. పైపును పట్టుకోనుండే ఇనుప పలక చుట్టూ గచ్చు చీలింది. కిందికి దిగి, దీన్ని ఈ పొద్దు ఎవ్వరూ ముట్టొద్దు, ఎత్తి ఉండేది ఉన్నట్టే ఉండనీండి, వెనకపక్కనుంచి పలక వేసి కొత్త బోల్టులు బిగిస్తామని చెప్పినాడు. సామానుకు మనిషిని పంపించి, మేము ఎదురు వీధిలో చాయ్‌కు పోయినాం.

చాయ్ గ్లాసు చేతికొచ్చేలోపల ఆకాశం మారిపోయింది. మే నెల గాలివానలు మీకు తెలుసు కదా. అంతవరకు ఆకు కదలదు, ఉన్నట్టుండి ఊరంతా ఎర్రదుమ్ము. వెనకనే పెద్ద పెద్ద చినుకులు, వడగండ్లు. అంగట్లో పనివాళ్లు ఏం చేస్తారు? గాజుబీరువాల్లో పట్టుచీరలుండాయి, ముంగట పరిచినవి వేరే. తడిస్తే అంతే. భాయ్ చెప్పింది వాళ్లకు గుర్తులేక కాదు, చీరలు కళ్లముందుండాయి. ఇద్దరు ముగ్గురు వేలాడి షట్టర్ కిందికి లాగినారు. సగానికి వచ్చింది. గాలి ఒక్క తోపు తోసింది. రేకు పొట్ట ఉబ్బి కుడిపక్క గాడిలోంచి బయటికి దూకింది. అక్కడే బిగుసుకోని నిలబడిపోయింది. ఇంక పైకీ పోదు, కిందికీ రాదు.

వీధిలో పొయ్యేవాళ్లంతా వడగండ్లకు తట్టుకోలేక ఆ సగం షట్టర్ కిందికే ఉరికినారు. చీరల మూటలు తెచ్చిన నేతగాళ్లు, సైకిళ్లవాళ్లు, నూలు గంప నెత్తిమీద పెట్టుకోనుండే ఒకామె, చంకలో బిడ్డతో ఇంకొకామె. అందరూ సరిగ్గా ఆ పైపు కింద.

భాయ్ గ్లాసు కింద పెట్టలేదు, వదిలేసినాడు. వీధి దాటి ఉరికినాడు. నేను వెనక. దగ్గరికి పోయేసరికి కుడిపక్క గోడనుంచి గచ్చు పొడి రాలతా ఉంది. బోల్టులు ఒకటొకటి ఊడి వస్తా ఉండాయి. పైపు, రేకు, స్ప్రింగు అంతా కలిపి ఎంత బరువో మాకు తెలుసు, కింద నిలబడినవాళ్లకు తెలీదు. బయటికి రాండి అని భాయ్ కేక పెట్టినాడు. వడగండ్లు పడుతుంటే ఎవరొస్తారు? లోపలికన్నా పోండి అన్నాడు. ముందున్నవాళ్లు కదిలితే కదా వెనకవాళ్లు కదిలేది. ఆ గాలిలో ఆయన మాట సగం మందికి వినపడనే లేదు.

అప్పుడు ఆయన వాళ్లను వదిలేసి, అంగడి ముందుండే బల్లను కుడిగోడకు తోసి, దాని మీదికెక్కి, పైపు కొనకింద కుడిభుజం పెట్టినాడు. ఊడకుండా ఒక్క బోల్టు మిగిలింది. మిగతా బరువు ఆయన మీద.

నావైపు చూసి, "కట్టె తీస్కరా. లావుది. బిన్నా ఉరుకు" అన్నాడు. కేక కాదు, మామూలుగా అన్నాడు. మాట్లాడేదానికి కూడా ఊపిరి దాచుకుంటాండాడని అప్పుడు అర్థమయ్యింది.

పక్కసందులోకి ఉరికినా. అవన్నీ మగ్గాల ఇండ్లు. మొదటి ఇంట్లోనే ఒక ముసలాయన మగ్గం విప్పి, బాగుచేసేదానికి కట్టెలన్నీ గోడకు ఆనించి పెట్టుకోనుండాడు. గుంజలు, దూలాలు, నాకు కావాల్సింది అందులో ఉంది. నేను ఏం చెప్పినానో నాకే తెలీదు. ఆయన నా మొహం చూసి, లావుగుండే గుంజ తనే ఎత్తి ఒక కొన పట్టుకున్నాడు. ఇద్దరం మోసుకోని ఉరికినాం. ఇంకో ఇద్దరు నేతగాళ్లు మాతో కలిసినారు. గుంజను భాయ్ భుజం పక్కన పైపు కింద నిలబెట్టి, అడుగున బండ దోసి బిగించినాం. ఆ లోపల అంగట్లో పనివాళ్లు బిడ్డనెత్తుకున్నామెను, మిగతావాళ్లను లోపలికి జరిపేసినారు.

గుంజ బరువు అందుకునేటప్పుడు పైపు ఒక్క జానెడు కిందికి కుంగింది. ఆ కుంగేటప్పుడు భాయ్ భుజంలో ఏదో తెగింది. శబ్దం నాకు వినపడింది.

కిందున్నవాళ్లలో ఎవరికీ గీటు కూడా తగల్లేదు. వాన నిలబడినాక ఎవరి దారిన వాళ్లు పోయినారు. సగంమందికి తమ నెత్తిమీద ఏముండిందో తెలీనే తెలీదు. ఆ ముసలాయన మాత్రం పోకుండా భాయ్ పక్కన బల్లమీద కుచ్చున్నాడు. మీ గుంజ ఇప్పుడే తీయలేము, కొన్నాళ్లు మగ్గం నిలబెట్టుకోలేరే అని నేనంటే, "మగ్గం యాడికి పోతాదప్పా. మనిషిని చూడు ముందు" అన్నాడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు. కొన్ని నెలలకు నొప్పి తగ్గింది. చెయ్యి మాత్రం ఎదకంటే పైకి లేవలేదు. మిగతా పనులన్నీ చేసుకుంటాడు, అన్నం కలుపుకుంటాడు, చొక్కా వేసుకుంటాడు. కానీ షట్టర్ పనంతా నెత్తికి పైనే కదా. చెయ్యి పైకి లేవని షట్టర్ మేస్త్రీని ఏం చేసుకుంటాం?

ధర్మవరం వ్యాపారి ఒకరోజు హిందూపురం వచ్చి, భాయ్ ఇంట్లో కుచ్చున్నాడు. "కంబం పెట్టించినా భాయ్" అన్నాడు. భాయ్ అడిగింది ఒకటే. కొత్త బోల్టులు గోడలోకి ఎంత దిగినాయి అని.

ఆ తర్వాత ఏడాదిలోనే మా సావుకారు షెడ్డు మూసేసి వేరే వ్యాపారంలోకి పోయినాడు. నేను రైల్వేస్టేషన్ రోడ్డులో చిన్న అంగడి తీసుకోని సొంతంగా పని మొదలుపెట్టినా. ముందు భాయ్ దగ్గరికే పోయినా, అంగడి మనిద్దరిదీ, నువ్వు వచ్చి కుచ్చో అని. ఆయన నవ్వినాడు. ఆ నవ్వు బాగలేదు.

"కుర్చీలో కుచ్చోని చాయ్ తాగేదానికి నేను రానబ్బా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. కొన్నాళ్లకు, ఫలానా మిల్లు షట్టర్‌కు ఏ మందం స్ప్రింగు వేయాలో తెలియడం లేదని అడిగేదానికి పోయినా. నీకు తెలుసు, పో అన్నాడు. ఇంకోసారి, విప్పిన గేరుపెట్టె సంచిలో వేసుకోని పోయి ముందు పెట్టినా, దీన్లో తప్పేముందో చూడు భాయ్ అని. ఎడమచేత్తో తిప్పి చూసి, నువ్వే ఒక పల్లు ఎడంగా బిగించి తెచ్చినావు అన్నాడు. నిజమే. ఆయన కోసమనే తప్పుగా బిగించుకోని పోయినా.

ఆరోజు వాకిట్లో భాబీ నన్ను ఆపింది. భాయ్ భార్య చాలా తక్కువ మాట్లాడే మనిషి. మిషను కుట్టేది. వీధిలో సగంమంది ఆడవాళ్ల రవికెలు ఆమె చేతివే.

"అట్ల తేవద్దు తమ్ముడూ" అనింది. "ఆయనకు జాలి వాసన తెల్సిపోతాది. నువ్వు పోయినాంక రెండుపూటలా అన్నం తినడు."

ఇంకో సంగతి కూడా చెప్పింది. పొద్దున్నే మంచం మీద పడుకోనే, వీధిలో అంగళ్లు తెరిచే శబ్దం వింటాడంట. ఇది కిరాణా అంగడిది, ఎడమ గాడిలో రాయి పడిండాది. ఇది టైలరుది, స్ప్రింగు సడలిండాది. ఇది మందులంగడిది, ఎవడో నూనె పోసినాడు వెధవ. ఇట్లా ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి తిట్టి, అన్నీ తెరిచినాక గోడవైపు తిరిగి పడుకుంటాడంట. నేను తలవంచుకోని వచ్చేసినా. తర్వాత పని అడుగుతూ ఆ ఇంటికి పోలేదు. పండగలకు మాత్రం పోయి పలకరించి వచ్చేవాణ్ని.

ఇంక పెనుకొండ సంగతి.

అది రెండువేల సంవత్సరం దాటినాక. పెనుకొండలో ఒకామె, ఆమె భర్త కలిసి ఒక జీపు పెట్టుకోనుండారు. ఆయన నడుపుతాడు, బాడుగలు మాట్లాడేది, లెక్కలు చూసేది ఆమె. రొళ్ల నుంచి కదిరి దాకా ఎక్కడ పెండ్లి, ఎక్కడ జబ్బు, ఎక్కడ సంత ఉన్నా ఆమెకు తెలుసు. జీపును ఎండకు వదిలితే పాడవుతుందని ఇంటిపక్క బండలతో షెడ్డు కట్టి షట్టర్ పెట్టించింది. పడమటి మొహం. దుమ్ము పడకుండా, పావురాలు గూళ్లు పెట్టకుండా, పైన చుట్టు తిరిగే పైపును మూసేటట్టు కొత్తగా పెద్ద రేకుపెట్టె చేయించుకునింది.

ఆ పెట్టె పెట్టించినప్పటినుంచి కాదు, ఎండలు ముదిరినప్పటినుంచి షట్టర్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే వెన్నలాగా లేస్తుంది. మధ్యాన్నమయితే కదలదు. ఎంతమంది పట్టుకున్నా రాదు. సందకాడ చల్లబడినాక దానంతటది వదులవుతుంది. జీపు ఎండ ముదరకముందే ఇంటికొచ్చి లోపల పడిందంటే ఆ పూట బాడుగ పోయినట్టే. ఒకసారి పాముకాటు మనిషిని తీసుకుపోవాలని వస్తే జీపు లోపలుండాది, షట్టర్ రాలేదు. వేరే బండి దొరికి ఆ మనిషి బతికినాడు. కానీ ఆమెకు ఆ భయం పోలేదు.

నేను పోయినా. పొద్దున్నే మొదటి బస్సుకు పోయి, ఎండ ఎక్కకముందే పెట్టె విప్పి చూసినా. పైపు సరిగ్గా ఉంది. స్ప్రింగు మార్చినా. గాడులు తుడిచి, కొంచెం ఎడం చేసినా. ఎత్తి దించి చూపించినా, వెన్న. పెట్టె మూసి బోల్టులు బిగించి, మజ్జిగ తాగి వచ్చేసినా. మరుసటిరోజే కబురు, మళ్లీ బిగుసుకునింది అని. మళ్లా పోయినా. మళ్లా విప్పినా. మళ్లా బాగుంది. ఇట్లా ఎన్నిసార్లు తిరిగినానో. చివరికి ఆమె నన్ను కుచ్చోమని కూడా అనలేదు.

"ఏమప్పా, నువ్వు ఉంటే మంచిగుంటాది, నువ్వు బస్సెక్కితే బిగుసుకుంటాది. నిన్ను ఈడనే కట్టేసుకోవాల్నా?" అనింది.

ఆరోజు బస్సులో కుచ్చోని చాలాసేపు ఆలోచించినా. నిజంగా నాకు దారి దొరకలేదు. హిందూపురంలో దిగి, ఇంటికి పోకుండా తిన్నగా భాయ్ ఇంటికి పోయినా.

నేను చెప్పినదంతా విన్నాడు. విని, "ఈసారి కథ బాగా కట్టినావబ్బా. పొద్దున మంచిగుంటాదంట, మధ్యాన్నం చెడిపోతాదంట. యాడన్నా ఉండాదా అట్లాంటిది" అన్నాడు.

నిజం భాయ్ అన్నా. ఒట్టు పెట్టుకున్నా. నమ్మలేదు. నాన్నా పులి కథలో పిల్లవాడి పరిస్థితి నాది. వెనక రెండుసార్లు నేను ఆడిన నాటకాలు ఇప్పుడు నా నోరు కట్టేసినాయి. లేచి వచ్చేస్తుంటే, లోపల మిషను కుడుతున్న భాబీ కాలు ఆపకుండానే భాయ్‌తో అనింది.

"అబద్ధమైతే పోయి పట్టుకో. ఆ ఇంటామె ముందర్నే అడుగు. ఇంగ జన్మలో రాకుండా బుద్ధి చెప్పేసిరా."

ఆ మాట భాయ్‌కు బాగా నచ్చింది. పొద్దున్నే వస్తా, బస్టాండులో ఉండు అన్నాడు. నేను, పొద్దున్నే వద్దు భాయ్, మధ్యాన్నానికి చేరేటట్టు పోదాం అన్నా. సరేనని తలూపినాడు.

బస్సులో దూరంగా వేరే సీట్లో కుచ్చున్నాడు. దొంగను పట్టుకునేదానికి పోతుండే పోలీసు మొహం. పెనుకొండలో దిగేసరికి కొండ బండలు ఎండకు పొగలు కక్కుతున్నాయి. ఆ ఇంటికి పోయినాక, నేను నోరు తెరవకముందే ఆమెను అడిగినాడు, ఏమ్మా, నిజంగా ఈ షట్టర్ మధ్యాన్నం బిగుసుకుంటుందా అని. ఆమె ఇంతెత్తున లేచింది. నా మీద ఉండే కోపమంతా ఆయన ముందర కక్కేసింది. నాకు చేతకాదనింది. బస్సు చార్జీలకు తిరుగుతాండానేమో అనింది. భాయ్ వింటా వింటా నావైపు తిరిగినాడు. మొహంలో పోలీసు పోయినాడు. ఇంకెవరో వచ్చినారు. చాలా రోజులకు చూసిన మొహం అది.

కుర్చీ తెప్పించుకోని షట్టర్ ముందర, ఎండలోనే కుచ్చున్నాడు. ఆమె గొడుగు పట్టబోతే వద్దన్నాడు. నన్ను షట్టర్ ఎత్తమన్నాడు. ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, బరువుగా లేచింది. దించమన్నాడు. కళ్లు మూసుకోని మళ్లా ఎత్తమన్నాడు. నేను గాడులవైపు చెయ్యి చూపిస్తే, గమ్మునుండు అన్నాడు. ఆమె తెచ్చిచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు. ఎండ పడమటికి తిరిగి పెట్టెమీద నేరుగా పడింది. కొంచెంసేపటికి పైనుంచి ఒక శబ్దం వచ్చింది. పళ్లెం కింద పడినప్పుడు కాదు, పళ్లెం మధ్యలో వేలితో నొక్కినప్పుడు వస్తుందే, టంగుమని, అట్లాంటిది. నేను ఎప్పుడూ వినలేదు. ఎట్లా వింటా, ఆ వేళకు నేను హిందూపురం బస్సులో ఉండేవాణ్ని.

"ఇప్పుడెత్తు" అన్నాడు.

రాలేదు. పట్టుకోని వేలాడినా రాలేదు.

"పెట్టె విప్పు."

నిచ్చెనెక్కి కాలే రేకును గుడ్డతో పట్టుకోని విప్పినా. విప్పినాక, ఎత్తమన్నాడు. వెన్నలాగా లేచింది.

నిచ్చెన మీద నిలబడుకోనే నాకు అంతా అర్థమయ్యింది. ఎండకు వెడల్పాటి రేకు సాగింది. నాలుగుపక్కలా బోల్టులు బిగించి ఉండేసరికి ఎటూ పోయేదానికి లేక లోపలికి పొట్ట వంచింది. వంగి, చుట్టుకున్న పట్టీల మీద చెయ్యి వేసినట్టు అదిమింది. నేనేమో ప్రతిసారీ తప్పు వెతికేదానికి మొట్టమొదట ఆ పెట్టెనే విప్పి పక్కన పెట్టినా.

కింద భాయ్ లేచి నిలబడినాడు.

"మూత తీసి చూస్తే మూత తప్పు యాడ కనపడ్తాదిరా?" అని మొదలుపెట్టినాడు. ఇంక ఆపలేదు. ఇన్నేండ్లు నా దగ్గర నేర్చుకునిందేమి అన్నాడు. జబ్బు మధ్యాన్నం వస్తే మందు పొద్దున్నే ఇస్తావా అన్నాడు. మంచి స్ప్రింగు తీసి పారేస్తివి కదరా అన్నాడు. కళ్లు ఇచ్చినాడు దేవుడు, చెవులు కూడా ఇచ్చినాడు, వాటికి దుమ్ము పట్టించుకుంటివి అన్నాడు. వీధిలో పొయ్యేవాళ్లు నిలబడి చూస్తాండారు. జీపాయన నవ్వు దాచుకోలేక లోపలికి పోయినాడు. ఆమెకే నామీద జాలి కలిగి, పోనీ పెద్దాయనా, తెలిసింది కదా అనింది. నేను నిచ్చెన మీద తలవంచుకోనే ఉన్నా. నా కండ్లల్లో నీళ్లు వచ్చినాయి. తిట్టినందుకు అనుకున్నట్టుంది ఆమె. ధర్మవరం వాన తర్వాత ఆయన నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఆ మధ్యాన్నమంతా ఆయన చెప్తాండాడు, నేను చేస్తాండా. పెట్టెకు ఒకపక్క మాత్రం గట్టిగా బిగించి, మిగతా పక్కల బోల్టు రంధ్రాలను ఆకురాయితో పొడుగు చేయించినాడు. "మెసిలేదానికి తావియ్యాల. ఎండాకాలంలో ఇనుమును కట్టేసి కొట్టొద్దు" అన్నాడు. రేకు లోపలికి కాకుండా బయటికి ఉబ్బేటట్టు మధ్యలో సన్నగా ఒక మడత కొట్టించినాడు. అయినాక మళ్లా కుర్చీలో కుచ్చోని, ఎండ పూర్తిగా దిగేదాకా కదల్లేదు. జీపు రెండుసార్లు బయటికి పోయి లోపలికొచ్చింది. అప్పుడు అడిగి ఇంకో గ్లాసు మజ్జిగ తెప్పించుకోని తాగినాడు.

వచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కుచ్చున్నాడు. హిందూపురం దాకా తిట్టినాడు.

మరుసటిరోజు పొద్దున నేను అంగడికి పోయేసరికి ఆయన ముందే వచ్చి మెట్లమీద కుచ్చోనుండాడు. పాత ఖాకీ చొక్కా, ఇస్త్రీ చేసింది. భాబీ కట్టిచ్చిన క్యారియర్ పక్కన పెట్టుకోనుండాడు. బీగం తీసి, మోకాళ్లు వంచి, నా అంగడి షట్టర్ పైకెత్తినా. అది కీచుమని అరుస్తా, కుడిపక్క తట్టుకుంటా, సగంలో ఒకసారి ఆగి, ఊపితే మళ్లా కదిలి, ఎట్లనో పైకి పోయింది.

ఆ శబ్దమంతా కళ్లు మూసుకోని విన్న భాయ్, కళ్లు తెరిచి నావైపు చూసినాడు.

"ఊరోళ్లవి తర్వాత చూద్దాం. ముందు దీన్ని విప్పు" అన్నాడు.